బేతంచెర్ల అని చెప్పమన్నది నేనే

మా ఇంట్లో రెండు బియ్యం డబ్బాలు ఉండేవి. ఒకదాంట్లో బియ్యం. రెండోదాంట్లో కూడా పైకి చూస్తే బియ్యమే గానీ, చెయ్యి మోచేతి దాకా పెడితే ప్లాస్టిక్ కవర్లు తగులుతాయి. ఒక్కో కవర్లో ఒక్కో ఆడమనిషి ఆధార్ కార్డు, ఓటు కార్డు, ఒకామెదైతే పెండ్లి ఫోటో కూడా. పని చేసే ఇంట్లో అసలు కార్డు పెట్టుకోకూడదని మాలో పద్ధతి. పోలీసోళ్లు రైడింగుకు వస్తే వాళ్ల చేతికి మనిషి చిక్కితే చిక్కనీ, ఆ మనిషి వెనక ఉండే ఊరు, తల్లి, పిల్లోల్ల బడి చిక్కకూడదు. అందుకని కార్డులన్నీ నా డబ్బాలో దాచేది.

నేనెవరో చెప్పల్ల గదా. ఇరవై ఏండ్లు కర్నూల్లో సెక్స్ వర్క్ చేసినదాన్ని. ఆ మాట తెలుగులో చెప్పొచ్చు కదా అని ఒక మీటింగులో ఒకాయన అడిగినాడు. తెలుగులో మాకు పెట్టిన పేర్లన్నీ తిట్లే నాయనా, ఒక్క మంచి పేరు వెతికి తీసుకొనిరా, అదే చెప్తా అన్నా. ఇంతవరకూ తేలేదు. మోకాళ్లు అరిగినాక పని మానేసి మా సంఘం తరఫున ఇండ్లిండ్లకు పోయి కండోములు పంచుతా, రక్త పరీక్షకు ఆడోళ్లను ఆస్పత్రికి తోలుకపోతా. కల్లూరులో ఒక గది బాడుగకు తీసుకున్నా. ఆ ఇంటామెకు తెలిసింది నేను జాకెట్లు కుడ్తానని, చీరలకు ఫాల్ వేస్తానని, అంతే.

చదివింది మూడో తరగతి. గుర్తు మాత్రం శానా ఎక్కువ. ఎప్పుడో ముప్పై ఏండ్ల కింద ఏ ఊరి బస్సు ఏ చెట్టు కింద ఆగిందో ఇప్పుడడిగినా చెప్తా. ఆ గుర్తే మాలో ఒక పనికి వచ్చింది. కొత్తగా వచ్చినామెకు పేరు మార్చి, నేనొక ఊరు ఇచ్చేదాన్ని. పోలీసోళ్లు అడిగితే చెప్పేదానికి. ఊరు పేరొక్కటి చెప్తే సరిపోదు. ఎస్సైలు తెలివైనోళ్లు, మీ ఊర్లో స్టేషన్ ఏ పక్క ఉండాదని అడుగుతారు. అందుకని ఊరంతా నేర్పిచ్చేది. ఒకామెకు అహోబిలం ఇచ్చినా. ఎగువ గుడికి ఆటో యాడ ఎక్కల్ల, కోతులు యాడ సంచి లాక్కుంటాయి, అన్నీ ఆమె గడగడా చెప్పేది. అసలు అహోబిలమే చూళ్లేదు. అప్పటిదాకా నేనిచ్చిన ఊరు ఎవురికీ తప్పు పోలేదు. నాకదొక గర్వం.

మా చెల్లి వచ్చింది అప్పుడే. తోడబుట్టింది కాదు, కానీ చెల్లి అనే అంటా. అస్సాం దాటినాక వచ్చే కొండల్లో, అరుణాచల్ ఆమెది. ఆ పేరు నా నాలిక తిరిగేదానికి మూడు నెలలు పట్టింది. హైదరాబాదులో బ్యూటీ పార్లర్లో పని చేసి, అది మూతపడితే ఇంకో ఊరు, ఆ ఊరు నుంచి కర్నూలు. ముప్పై దాటిన మనిషి. ఎవురూ మోసం చేసి తేలేదు, ఎవురూ అమ్మలేదు. "అక్కా, పార్లర్లో పన్నెండు గంటలు నిలబడి కాళ్లు వాచేటివి, ఈడ నా లెక్క నాది" అనింది. కారం మనకంటే ఎక్కువ తింటాది. నేను చేసిన ఎర్రకారం రొట్టెకు పూసుకోని, ఇంకొంచెం ఎయ్యి అక్కా అని ప్లేటు చాపితే నాకు కండ్లల్లో నీళ్లొచ్చేవి, నవ్వుకీ, ఘాటుకీ.

మా పనిలో కూడా రంగు ఉండాది, కులం ఉండాది. బయటోళ్లకు ఇది తెల్దు. అందరూ చెడిపోయినోళ్లే గదా, వీళ్లకేం తేడాలు అనుకుంటారు. నేను నల్లగా ఉంటానని లాడ్జీ మేనేజరు నన్ను ఎప్పుడూ వెనక గదికే పంపేవాడు. ఒక లాడ్జీలో నా కులం తెలిసినాక నీళ్ల గ్లాసు వేరే పెట్టినారు. మంచం కాడ లేని అంటు గ్లాసు కాడ వచ్చింది. చెల్లికి అది కండ్ల కాడ వచ్చింది. వచ్చిన మగోడు ప్రతి ఒక్కడూ చైనా అనో, నేపాలీ అనో పిలిచేటోడే. కరోనా వచ్చిన ఏడు కూరగాయల బండాయన ఆమె వంకాయ పట్టుకుంటే చేతిలోనించి గుంజుకోని పక్కన పారేసినాడు. నేను ఆ వంకాయ ఏరుకోని ఆయన బండి మీదే మల్లా పెట్టి, "ఇప్పుడు ఇది నేను కూడా ముట్టుకున్నా, ఏం చేస్తావో చెయ్యప్పా" అన్నా. బండి తోసుకోని పాయ.

ఆమెకు నేనిచ్చిన ఊరు బేతంచెర్ల.

ఎందుకిచ్చినావు అని తర్వాత అందరూ అడిగినారు. మా సంఘం లాయరమ్మ అడిగింది, కోర్టులో సర్కారు లాయరు అడిగినాడు. నిజం చెప్తాండా, ఆమె మొహం నాకు అలవాటైపాయ. రోజూ నా కంచంలో చెయ్యి పెట్టి తినే మనిషి మొహం వేరేగా ఉండాదని నాకు తోచనే లేదు. అందరికీ నేర్పిచ్చినట్లే కూర్చోబెట్టి నేర్పిచ్చినా. నాపరాళ్లు, పాలిష్ మిషన్లు, లారీలు, రైల్వే స్టేషన్, దుమ్ము. రెండు రోజుల్లో పట్టేసింది.

రైడింగు మధ్యాహ్నం జరిగింది. ఊరి చివర బాడుగింట్లో ఐదుగురు ఉన్నారు, నలుగురు మన పక్కోళ్లు, ఐదో మనిషి చెల్లి. నాకు ఫోన్ వస్తే ఆటోలో పోయినా. పోయి స్టేషన్ ఎదురుగా టీ కొట్టు కాడ నిలబడినా. లోపలికి పోలేదు. పోతే నా పేరు కూడా రాసుకుంటారని, ఆ పేరు కల్లూరుకు పోతాదని. మూడు టీలు తాగినా. ఇది చెప్పుకోవల్సిన సంగతి కాదు, కానీ జరిగింది.

లోపల ఏం జరిగిందో ఆ నలుగురిలో పెద్దామె తర్వాత చెప్పింది. స్టేషన్ రైటరు ఒక్కొక్కర్నీ పేరు, ఊరు అడిగి రాసుకుంటాండాడు. ప్రొద్దుటూరామె ఎమ్మిగనూరు అని చెప్పింది, రాసుకున్నాడు. డోన్ ఆమె అహోబిలం అనింది, రాసుకున్నాడు. మిగిలిన ఇద్దరూ నేను చెప్పిన ఊర్లే చెప్పినారు. చెల్లి వంతు వచ్చింది.

"నీది ఏ ఊరు?"

"బేతంచెర్ల సార్."

పెన్ను కింద పెట్టినాడంట. "ఏమప్పా, అందరూ వినండి, బేతంచెర్ల అంట! బేతంచెర్లలో చైనావోళ్లు ఎప్పుడు దిగినారప్పా, నాకు చెప్పనే లేదే?"

"మా నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని సార్. స్టేషన్ అవతల."

"అట్లనా! మీ నాయన చైనా గోడ పీకి పాలిష్ పడ్తాండాడా?"

స్టేషనంతా నవ్వులు. ఎందుకు నవ్వుతాండారో ఆమెకు అర్థం కాలే. పాఠంలో మిగిలింది కూడా చెప్పేసింది.

"శానా దుమ్ము సార్ ఆడ."

అది చెప్తా పెద్దామె నవ్వింది, నేనూ నవ్వినా, ఇద్దరం నవ్వి నవ్వి ఆకర్న ఏడిస్తిమి.

మర్నాడు నలుగుర్నీ కోర్టుకు తీసుకోనిపోయి, వాళ్ల చేతనే సంతకాలు పెట్టించుకోని పంపిచ్చినారు. చెల్లిని మాత్రం గవర్నమెంటు హోమ్‌లో పెట్టమన్నారు. ఆమె కాగితం మీద "అనుమానిత విదేశీయురాలు, దేశం పేరు దాచినది" అని రాసుండాదంట. దేశం దాచడమేంది? దాచింది ఊరు. అది కూడా నేను దాచమంటే.

హోమ్ కాడికి పోతే గేటు కాడామె, "నువ్వేమవుతావు?" అనింది.

"అక్కను."

నన్ను కింద నుంచి పైకి చూసి పకపకా నవ్వింది. "నీకు చెల్లెలా? మీ నాయన ఏమైనా చైనా బోర్డరు కాడ మిలిటరీలో ఉన్యాడామ్మే?"

"ఉన్నింటే నిన్ను కాల్చి లోపలికి పోయేదాన్ని" అన్నా. తెరవలేదు. రెండోసారి లాయరమ్మను వెంటబెట్టుకోని పోతే తెరిచినారు. మా సంఘానికి దుడ్లు తీసుకోకుండా వచ్చే లాయరు ఆమె, చిన్న వయసు, గట్టి గొంతు.

చెల్లి బక్కగా అయ్యింది. హోమ్‌లో ఆమెకు టైలరింగు నేర్పిస్తాండారంట, బాగుపడేదానికి. పక్క మంచం ఆడోళ్లు ఆమె కుక్కల్ని తింటాదని దూరం జరిగి పండుకుంటారంట. అదంతా ఆమె మామూలుగానే చెప్పింది. ఆకర్న నా చెయ్యి పట్టుకోని అడిగింది.

"అక్కా, నేను పాఠం సరిగ్గానే చెప్పినా. యాడ తప్పు పాయ?"

తప్పు నీ పాఠంలో లేదు, నేర్పిచ్చిన నాలో ఉండాది అని చెప్పల్ల. చెప్పలేకపోయినా.

బయటికొచ్చి లాయరమ్మను అడిగినా, కార్డులు నా కాడ ఉండాయి, చూపిస్తే వదుల్తారు గదా అని.

"కార్డుల్లో ఒక పేరు, పోలీసుల రికార్డులో ఇంకో పేరు. కార్డులు దొంగవి, ఎవరివో తెచ్చారు అంటారు. ఈ రెండు పేర్లూ ఒక్క మనిషివే అని, అబద్ధం ఎందుకు చెప్పిందో అని ఎవరో ఒకరు ప్రమాణం చేసి చెప్పాలి. లేకపోతే ఇది విదేశీయుల కేసు అవుతుంది. ఏళ్లు పడుతుందమ్మా. ఏ దేశానికి పంపాలో కూడా తెలియకుండా లోపలే ఉంచుతారు."

"ఎవురు చెప్పల్ల?"

ఆమె నా మొహం చూసింది.

"మీ పేరు, పని బయటకి రాకుండా జడ్జిగారి గదిలో చెప్పేలా అడుగుతాను, వద్దనరు" అనింది.

ఆలోచన చేసినా. తలుపేసుకోని చెప్తే మల్లా దాచినట్లే గదా. ఇన్నేండ్లూ దాచేదే నేర్పిచ్చినా. మొహం కలిసినోళ్లకు అది గొడుగైంది, కలవనామెకు అదే ఉచ్చు అయ్యింది. "వద్దమ్మా, అందరి ముందరే చెప్తా" అన్నా.

లాయరమ్మ నన్ను కూర్చోబెట్టి చట్టం చెప్పింది. మేజరైన ఆడది తన ఇష్టంతో ఈ పని చేస్తాంటే ఆమెను సతాయించకూడదని, ఆమెకూ అందరికి మాదిరి మర్యాద ఉంటాదని ఢిల్లీలోని పెద్ద కోర్టే చెప్పిందంట. రాజ్యాంగంలో పదిహేనో నంబరు మాట ఇంకొకటి ఉండాదంట. మతం, జాతి, కులం, ఆడా మగా, పుట్టిన చోటు, వీటిని చూసి సర్కారు మనిషిని తక్కువ చెయ్యకూడదు. ఐదే ఐదు. ఇంటికి పోతా ఆటోలో వేళ్లు మడిచి చూసుకున్నా. నాకు మూడు వేళ్లు మడుచుకున్నాయి. చెల్లికీ మూడే, కులం బదులు జాతి. పుట్టిన చోటు అని ఎవురు రాసినారో గానీ, ఆ మహానుభావుడు ఊరి బయట మావోళ్లుండే గేరి చూసే రాసుంటాడు అనిపిచ్చింది.

వాయిదా రోజు నా దగ్గరున్న మంచి చీర కట్టుకున్నా. కోర్టు గేటు కాడ స్టాంపు కాగితాలు అమ్మే ఆయన మా వీధాయనే. "ఏమక్కా, ఈడికొస్తివి, భూమి తగాదానా?" అన్నాడు. "కాదప్పా, లోపలికి రా, వింటావు" అన్నా. వచ్చినాడు.

బోనెక్కి నిలబడినా. సర్కారు లాయరు మొదలుపెట్టినాడు.

"నీ వృత్తి ఏంటమ్మా?"

"ముందర సెక్స్ వర్కు. ఇప్పుడు సంఘం పని. జాకెట్లు కూడా కుడ్తా."

వెనక ఎవురో కిసుక్కుమన్నారు. నేను తిరిగినా. "నవ్వినాయన ముందుకు రా అప్పా, ఒకసారి మొహం చూస్తా. నాకు గుర్తు శానా ఎక్కువ."

ఆ హాల్లో దగ్గు కూడా వినపడలేదు. జడ్జీగారు పెన్ను చూసుకుంటా, "అమ్మా, అడిగినదానికే చెప్పండి" అన్నారు. ఆయన పెదవి కొంచెం కదిలినట్లే ఉండాది, ప్రమాణం చేసి చెప్పలేను.

బియ్యంలోనించి తీసిన చెల్లి కవరు ఇచ్చినా. కవరు ముడతల్లో ఇంకా నాలుగు గింజలు ఉండినాయి, బల్ల మీద రాలినాయి. రెండు పేర్లూ ఒక్క మనిషివే అని చెప్పినా. ఎన్నేండ్లుగా తెలుసో, యాడ కలిసినామో, ఏం తింటాదో చెప్పినా.

"మరి బేతంచెర్ల అని ఎందుకు చెప్పింది? మోసం చేయడానికే కదా?" అన్నాడు సర్కారు లాయరు.

లాయరమ్మ నేర్పిచ్చిన ఐదు మాటలు ఆడ చెప్పల్ల. ఇంటికాడ పదిసార్లు అప్పజెప్పుకున్నా. ఆ నిముషానికి ఒక్కటి కూడా నోటికి రాలేదు, నాకు, ఇంత గుర్తున్నదానికి. వచ్చింది వేరే.

"బేతంచెర్ల అని చెప్పమన్నది నేనే సార్. ఆ రోజు ఐదుగురు అబద్ధం చెప్పినారు. ఐదు అబద్ధాలూ నేను ఇచ్చినవే, ఒకే ఇంట్లో, ఒకే పాఠం. నలుగురు చెప్పినవి మీ రైటరు రాసుకున్నాడు, మర్నాడు ఇంటికి పంపిరి. ఐదో ఆమెకు నవ్వి, విదేశం అని రాసి, లోపలేసిరి. చెప్పిన తప్పు ఒకటే అయినప్పుడు శిక్ష ఎందుకు రెండు రకాలు సార్? తేడా మాటల్లో లేదు, ముక్కులో, కండ్లలో ఉండాది. ముక్కును బట్టి కేసు పెట్టచ్చని ఏ పుస్తకంలో ఉండాదో నాకు చూపించండి. నాకు చదవను రాదు, మా లాయరమ్మ చదివి చెప్తాది."

సర్కారు లాయరు లేచినాడు. జడ్జీగారు చేత్తోనే కూర్చోమన్నారు. తర్వాత చెల్లి పక్క తిరిగినారు. "మీరు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారు?" అని అడిగినారు. ఇన్ని రోజుల్లో ఆమెను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

"అక్క ఇంటికి" అనింది, తెలుగులోనే.

వేలిముద్ర ఆధార్ తో సరిపోతే వదిలెయ్యమని చెప్పినారు. వేలిముద్ర కొత్తది చెయ్యలేరు గదా, సరిపాయ. అయినా కాగితాలు తిరిగేసరికి ఇంకా పన్నెండు రోజులు పట్టింది. ఆ "అనుమానిత" అనే మాట ఇంకా స్టేషన్ రికార్డులోనే ఉండాది. దాన్ని కొట్టేయమని లాయరమ్మ మానవ హక్కుల కమిషన్ కు రాసింది. జవాబు రాలేదు. వచ్చేదాకా రాస్తానే ఉంటాం.

కోర్టునించి ఇంటికి పోయేలోపలే స్టాంపులాయన వీధంతా చాటి పని కానిచ్చినాడు. ఇంటామె గుమ్మంలోనే ఉండాది. పొలాలమ్మి కల్లూరులో ఇండ్లు కట్టుకున్న కుటుంబం వాళ్లది. నిన్నటిదాకా నన్ను అక్కా అనే మనిషి.

"ఏమ్మే, నెలాఖరుకు ఖాళీ చెయ్యి. సంసారులుండే ఇల్లు ఇది."

"ఎందుకు ఖాళీ చెయ్యల్లో కాగితం మీద రాసియ్యి" అన్నా.

"కాగితమేంది?"

"రాసి సంతకం పెట్టు. నీ గదిలో నేను ఏ తప్పు పని చేసినానో రాయి. కుట్టిన జాకెట్ల లెక్క కూడా రాయి, నీయే పద్నాలుగు ఉండాయి. మా లాయరమ్మకు చూపిస్తా." అప్పుడు గుర్తొచ్చినాయి ఆ ఐదు మాటలు, గుమ్మం ముందర వరసగా అప్పజెప్పినా, మతం, జాతి, కులం అని వేళ్లు మడుస్తా. అది సర్కారుకు చెప్పిన మాట, ఇంటామెకు కాదని తర్వాత లాయరమ్మ నవ్వింది. ఇంటామెకు తెల్దు గదా. లోపలికి పాయ. కాగితం ఇంతవరకూ ఇయ్యలేదు, నేను ఖాళీ చెయ్యలేదు. నాతో మాట్లాడదు. జాకెట్లకు వేరే చోటికి పోతాంది, ఆడ చంకల కాడ పట్టేస్తాండాయని తెలిసింది.

చెల్లిని తెచ్చుకునే రోజు హోమ్ గేటు కాడామె మాట్లాడకుండా తలుపు తీసింది. ఇద్దరం షేర్ ఆటో ఎక్కినాము. డ్రైవరు అద్దంలో రెండుసార్లు చూసినాడు. మూడోసారి ఆగలేకపాయ.

"ఏ ఊరమ్మా మీది? నేపాలా?"

చెల్లి నా పక్క చూసింది. ఇప్పుడు ఏ ఊరు చెప్పల్ల అని అడిగే చూపు అది, నాకు తెలుసు, నేనే నేర్పిచ్చిన చూపు. నేను కండ్లు కూడా ఆర్పలేదు. ఆటో ఒక గుంతలో ఎగిరి పడింది. ఆమె మెల్లగా మొదలుపెట్టింది. తన రాష్ట్రం, తన జిల్లా, తన ఊరు. రైలు దిగినాక ఒక పెద్ద నది దాటల్ల, ఆడ్నించి జీపులో ఎక్కల్ల, మా ఇంటి వెనక వెదురు ఉండాది, చలికాలం నిప్పు చుట్టూ కూర్చుంటాము. ఒక ఊరు గురించి ఆమె అంతసేపు మాట్లాడంగా నేను ఎప్పుడూ వినలేదు. నేను అడగనే లేదు గదా ఇన్నాళ్లు. ఇచ్చేదే తప్ప.

"అబ్బా, శానా దూరం!" అన్నాడు డ్రైవరు. "మరి నీదక్కా, కర్నూలేనా?"

నాలిక చివరికి ఒక ఊరు వచ్చింది. ముప్పై ఏండ్లుగా చెప్తాండేది. మింగేసినా.

"కాదప్పా. కడప జిల్లా, మైలవరం అవతల. ఊర్లో కాదు, ఊరి బయట గేరిలో. ఇద్దరికీ చార్జీ ఎంతో చెప్పు, కల్లూరులో దిగల్ల."